తలకట్టు మాస్టారి బోడి అక్షరాలు

తలకట్టు మాస్టారు నిచ్చెన ఎక్కితే వీధిలో సగం పనులు ఆగిపోయేవి. మిగతా సగం, ఆయన నిచ్చెన మోసుకొస్తున్నప్పుడే ఆగిపోయి ఉండేవి. ఆయన బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, దుకాణాలకు బోర్డులు రాసే మనిషి. కానీ కుంచె చేతపట్టి, మెడ కాస్త వెనక్కి వంచి, గోడను ఎగాదిగా చూసే తీరు చూస్తే, ఆ గోడేదో లెక్క తప్పు చేసి నిలబడ్డట్టుండేది. అందుకని ఎవరో మాస్టారన్నారు, అది అతుక్కుపోయింది.

ఆయన పనితనం గురించి ఆ వీధిలో చెప్పుకునే వాటిలో కొన్ని నిజాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఆయన రాసిన సున్నా ఎంత గుండ్రంగా వచ్చిందంటే, పక్క వీధి సైకిల్ మెకానిక్ చక్రం వంకర సరిచేసుకోవడానికి దాని కొలత పట్టుకెళ్ళాడు. మరోసారి ఒక గిడ్డంగి వెనక గోడ మీద ‘లోపలికి రండి’ అని రాస్తే, అక్కడ తలుపు లేదన్న సంగతి మరిచి ముగ్గురు పెద్దమనుషులు నుదుళ్ళు బొప్పి కట్టించుకున్నారు. నాలుగో ఆయన బతికిపోయాడంటే ఆయనకు చదువు రాకపోవడం వల్లే.

ఇక పేరులోని తలకట్టు సంగతి. మాస్టారికి పని చేసే పద్ధతి ఒకటుండేది. ముందు బోర్డు మొత్తం అక్షరాల ఒంట్లు రాసేసేవారు. గుడులూ కొమ్ములూ సుడులూ ఒంటితోపాటే పడిపోయేవి. ఉత్త తలకట్లు మాత్రం అట్టేపెట్టి, అన్నీ అయ్యాక నిచ్చెన జరుపుకుంటూ, బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి టోపీలు పెట్టుకుంటూ పోయినట్టు, ఒక చివర నుంచి ఇంకో చివరకు టకటకా పెట్టుకుపోయేవారు. ఆ ఊపు చూడటానికే జనం ఆగేవారు. అన్నీ ఒకే వాలు, ఒకే పదును. పని అయ్యాక బోర్డు కింది మూలన సంతకం బదులు చిన్న తలకట్టు ఒకటి గీసేవారు, కింద అక్షరం లేకుండా. ఆ గుర్తు లేని బోర్డు ఊళ్ళో దుకాణమే కాదన్నట్టుండేది.

రంగులు కలిపేది ఆయన భార్య. నీలంలో నలుపు చుక్క ఎంత పడాలో ఆవిడకు తెలిసినంతగా నీలానికే తెలియదు. నిచ్చెన కింద నిలబడి పైకి చదివి వినిపించేదీ ఆవిడే. ఆవిడకు పెళ్ళినాటి నుంచీ కళ్ళద్దాలున్నాయి. ఏడాదికొకసారి కంటి క్లినిక్‌కి వెళ్ళడం, పరీక్ష చేయించుకోవడం ఆవిడకు అలవాటు. వెళ్ళినప్పుడల్లా మాస్టారినీ లాక్కెళ్ళేది.

అక్కడ మాస్టారు రాజా. ఎందుకంటే పరీక్ష గదిలో గోడకు వేలాడే అక్షరాల పలక ఆయన రాసిందే. పాత డాక్టరుగారు అడిగి మరీ రాయించుకున్నారు. పైన బండంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, అన్నిటికన్నా కింద చీమ తలకాయంత వరస. ఆ వరస రాసిన కుంచెకు ఎన్ని వెంట్రుకలున్నాయంటే, ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలవొచ్చు. అందరూ పై నుంచి కిందికి చదువుతారు. మాస్టారి దర్జా వేరు. కుర్చీలో కూర్చోగానే అట్టడుగు వరసతో మొదలుపెట్టి, “గ, న, ట, ప, వ, డ, శ” అని ఒక్క గుక్కలో అప్పజెప్పి లేచి నిలబడేవారు. చుక్కలు వేసి కంటి లోపల చూస్తాం, కూర్చోమంటే కూర్చునేవారు కాదు. ఆ చుక్కలు పడితే పూటంతా మసక, పని పాడు. నా కన్ను పైనుంచే బాగుంటే లోపల చూడటం దేనికి, గోడ బాగున్నవాడు పునాది తవ్వుకుంటాడా అని నవ్వేసేవారు.

అలా ఏళ్ళు నడిచాయి. ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులు తగ్గాయి. అయినా పంతం ఉన్నవాళ్ళు మాస్టారి చేతే రాయించుకునేవారు. అలాంటి రోజుల్లో వచ్చింది పెద్ద పని. పిల్లల బడి కొత్తగా కట్టారు. ఆ ప్రహరీ గోడ పొడుగునా వర్ణమాల మొత్తం, మనిషెత్తు అక్షరాలతో రాయాలని హెడ్మాస్టరమ్మ వచ్చి అడిగింది. యంత్రం అచ్చు వేసిన అక్షరం కాదు, చెయ్యి రాసిన అక్షరం చూసి పిల్లలు దిద్దుకోవాలి, అందుకే మీ దగ్గరికొచ్చాను అంది. మాస్టారు ఆ రోజు ఇంట్లో నేల మీద నడవలేదని ఆయన భార్య తరవాత చెప్పింది. బీరువా మీద దుమ్ము ఉందని కూడా అప్పుడే తెలిసిందట.

గోడ సున్నం ఆరేలోగా చిన్న పని ఒకటి ముగించాలి. చిన్ననాటి స్నేహితుడైన కటింగ్ షాపు ఆయనకు కొత్త బోర్డు. ఆ వారం భార్య తమ్ముడింటికి వెళ్ళింది. మాస్టారు ఒక్కరే రంగు కలుపుకుని, ఒక్కరే రాసి, మూలన గుర్తు గీసి దిగారు. ‘సరదా కటింగ్ సెలూన్’. కటింగ్ షాపు ఆయన కత్తెర చేత్తోనే బయటికి వచ్చి బోర్డు చూశాడు. చాలాసేపు చూశాడు. కుర్చీలో సగం క్రాపుతో కూర్చున్న మనిషి కూడా లేచి వచ్చి చూశాడు.

“బావా,” అన్నాడు కటింగ్ షాపు ఆయన, “మనుషులకు గుండు చెయ్యడం నా పని. అక్షరాలకు నువ్వెందుకు చేశావు?”

మాస్టారికి అర్థం కాలేదు. పైకి చూశారు. బోర్డు బాగానే ఉంది.

“సరదాలో స, ర చూడు. బోడిగా ఉన్నాయి రెండూ. కళ్ళు నెత్తికెక్కాయి నీకు. ఎక్కినవాడికి నెత్తి మీదివి కనపడాలి కదయ్యా.”

అంతా నవ్వారు. మాస్టారూ నవ్వారు, పరాచికం అనుకుని. తరవాత నిచ్చెన ఎక్కి, ముక్కు బోర్డుకు ఆనేంత దగ్గరగా వెళ్ళి, తల అటూ ఇటూ తిప్పి చూశారు. స మీద తలకట్టు లేదు. ర మీద లేదు. ఒక్క అడుగు వెనక్కి తల వంచి ముందులాగే చూస్తే, రెండూ ఉన్నట్టే ఉంది. నిచ్చెన మీద ఆయన చెయ్యి మొదటిసారి చెక్కను గట్టిగా పట్టుకుంది.

ఊరి నుంచి వచ్చిన భార్యకు ఆ సంగతి కటింగ్ షాపు ఆయనే చేరవేశాడు. ఆవిడ నవ్వలేదు. ఆ సాయంత్రం డబ్బాల మూతలు బిగిస్తూ, మొహం చూడకుండా చెప్పింది. ఏడాది పైగా ఇలాగే జరుగుతోందట. మీరు నిచ్చెన దిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేనెక్కి, వదిలేసిన తలకట్లు పెడుతున్నాను, మీ వాలు నాకు చేతిలోకి వచ్చేసింది అంది. మందుల షాపుకు రెండు, బట్టల కొట్టుకు ఒకటి, పిండిమర బోర్డుకు మాత్రం చాలానే. చెబితే మీరు తట్టుకోలేరనుకున్నాను, కంటి పలక అడుగు వరస కూడా గుక్క తిప్పుకోకుండా చదువుతున్నారు కదా, కన్ను బాగానే ఉంది, మనసు మరో చోట ఉందేమో అనుకున్నాను అని ఊరుకుంది.

ఊరంతా తన తలకట్లను చూసి మెచ్చుకుంటూంటే, అందులో కొన్ని తనవి కావన్న సంగతి మాస్టారికి మింగుడు పడటానికి టైం పట్టింది. ఆ తరవాత మింగుడు పడని సంగతి ఇంకోటి వచ్చింది. బడి గోడ. కిరాణా కొట్టు బోర్డులో టోపీ లేకపోతే ఉప్పు తీపెక్కదు. కానీ అక్కడ పిల్లలు చూసి దిద్దుకుంటారు. తను బోడి క రాస్తే, ఊళ్ళో ఒక తరం మొత్తం బోడి కలు రాస్తుంది.

“రేపు పొద్దున్నే క్లినిక్‌కి పోదాం,” అన్నారు. “నా కన్ను బాగుందని వాళ్ళ చేతే చెప్పిస్తాను. అప్పుడు మనసు సంగతి చూద్దాం.”

క్లినిక్‌లో పాత డాక్టరుగారు పోయి ఆయన చోట కొత్త డాక్టరమ్మ వచ్చింది. చూపు పరీక్ష చేసే అమ్మాయి కూడా కొత్తే. మాస్టారిని బాబాయ్ అని, ఆయన భార్యను పిన్ని అని పలకరించి లోపలికి తీసుకెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టి ఎడమకంటికి నల్లటి మూత అడ్డం పెట్టి, కుడికంటితో చదవమంది. మాస్టారు గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే అడుగు నుంచి మొదలుపెట్టారు.

“గ, న, ట, ప, వ, డ, శ.”

ఆ అమ్మాయి మళ్ళీ చదవమంది. ఈసారి మాస్టారు ఇంకాస్త రాగం చేర్చారు. ద్వారం దగ్గర నిలబడ్డ భార్య మెల్లిగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“బాబాయ్, మీరు చదివిన పలక ఎక్కడుంది?” అని అడిగింది అమ్మాయి.

“ఎదురుగానే. నేను రాసిందేనమ్మా అది.”

“తెలుసు. బాగుందని దాచుకున్నాం. వరండాలో ఉంది, మీ వీపు వెనక. ఎదురుగా ఉన్నది పోయిన నెల వచ్చిన కొత్తది.”

మాస్టారు ఎదురుగా ఉన్న పలకను, ఇన్నేళ్ళలో మొదటిసారి, నిజంగా చూశారు. పై అక్షరం కనపడింది. దాని కింద వరస కనపడింది. మూడో వరసకు వచ్చేసరికి అక్షరాలు ఎవరో తడి చేత్తో తుడిచినట్టున్నాయి. అడుగు వరస ఉందని ఆమె చెబితే నమ్మడమే. మూత కుడికంటికి మార్చాక ఎడమకన్ను చాలావరకు చదివింది. కానీ అప్పటికి మాస్టారి గొంతులో రాగం లేదు.

ఎవరికైనా చూపు పోయిందా ఇంట్లో అని అడిగింది అమ్మాయి. మాస్టారికి తండ్రి గుర్తుకొచ్చాడు. ఆఖరి రోజుల్లో ఆయన గోడలు తడుముకుంటూ నడిచేవాడు. వయసు మీద పడిందన్నారంతా. ఏ డాక్టరూ చూడలేదు.

ఆ పూట చుక్కలు వేయించుకుని కూర్చున్నారు మాస్టారు. కంట్లో ఒత్తిడి కొలిచారు. తరవాత పెద్ద గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టించి, నడిమధ్య చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలో మీట నొక్కమన్నారు. మాస్టారు పాత అలవాటు కొద్దీ రెండు మెరుపుల్లోనే లయ పట్టేశారు. తబలా వాయించినట్టు నొక్కుకుంటూ పోయారు. అమ్మాయి యంత్రం ఆపేసింది. “బాబాయ్, ఇది మధ్యమధ్యలో వెలుగు వెయ్యకుండా ఊరికే చప్పుడు చేస్తుంది. మీరు దానికీ నొక్కారు,” అంది. యంత్రం కూడా తనలాంటిదేనని తెలిసి మాస్టారికి కాస్త గౌరవం కలిగింది. రెండోసారి బుద్ధిగా, కనపడినప్పుడే నొక్కారు. కనపడని చోట చెయ్యి ఊరుకుంది. ఊరుకున్నవి చాలా ఉన్నాయి.

డాక్టరమ్మ ఆ యంత్రం గీసిచ్చిన చూపు బొమ్మ తీసి చూపించింది. ఎడమకంటిదానికి పైన కొద్దిగా నీడ పట్టింది. కుడికంటిది, పై సగమంతా పెచ్చులూడిన గోడలా నలుపు. దీన్ని నీటికాసులంటారని చెప్పింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పోయిన చోట నల్లగా కూడా కనిపించదు. అక్కడ ఏముండాలో మెదడే ఊహించి పూడ్చేస్తుంది. మీ తలకట్లు మీ మెదడు పెట్టింది, బోర్డు మీద కాదు, లోపల అంది. రక్తసంబంధీకులకు ఉంటే మనకూ వచ్చే వీలు ఎక్కువ. అసలు చాలామందికి పలక అడుగు వరస బాగానే కనపడుతూ ఉండగానే పక్కల నుంచి చూపు తరిగిపోతుంది, అందుకే పలక ఒక్కటి చదివి లేచిపోకూడదు అని కూడా చెప్పింది. కటువుగా కాదు, ఎవరికైనా చెప్పినట్టే చెప్పింది.

“పోయింది మళ్ళీ వస్తుందా అమ్మా?”

“రాదు. ఉన్నదాన్ని పోనివ్వకుండా కాపాడుకుందాం. ఇప్పుడైనా వచ్చారు, అది చాలు.”

మాస్టారు తల వంచుకుని, గోడ ఒకటుంది, రాయాలి అన్నారు. డాక్టరమ్మ ఏ గోడ అని అడిగింది. బడి గోడ సంగతి భార్య చెప్పింది.

రోజూ చుక్కలు. కుడికంటికి చిన్న ఆపరేషన్, కంట్లో నీరు బయటికి పోవడానికి సన్నటి దారి చేశారు. మత్తు చుక్కలే వేశారట, నొప్పి లేదట. మాస్టారు మాత్రం ఇప్పటికీ కత్తి తన కంటికెదురుగా వచ్చి నమస్కారం పెట్టిందని చెబుతారు. కట్టు విప్పాక ఒత్తిడి దిగిందన్నారు. కొన్నాళ్ళు వంగొద్దు, బరువులెత్తొద్దు, కళ్ళు నలుపుకోవద్దు అన్నారు. మాస్టారు ఇంట్లో పాపాయిలా ఉన్నారు. చుక్కల మందు వేళకు భార్య సీసా పట్టుకుని వస్తే, ఆయనే పడుకుని, పైకప్పు వైపు రెప్ప తెరిచి సిద్ధంగా ఉండేవారు. చూపులో పైభాగం లేదు కాబట్టి అక్కడి సాలెగూళ్ళ గురించి ఇక తనను ఎవరూ అడగకూడదని షరతు పెట్టారు.

ఈలోగా హెడ్మాస్టరమ్మ వచ్చింది. మాస్టారు దాచుకోలేదు. బోడి అక్షరాల సంగతి మొత్తం చెప్పి, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నారు. ఆమె, గోడ ఎక్కడికీ పోదు, మీరు లేచాకే రాయండి అని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక భార్య కుంచెలు కడుగుతూ, తనలో తను అన్నట్టు అంది.

“తలకట్లు ఆఖరున పెడతారు కాబట్టి మరిచిపోతున్నారు. ముందే పెట్టేస్తే?”

మాస్టారు ఆవిడ వైపు ఎలా చూశారంటే, సూర్యుణ్ణి పడమర నుంచి తెద్దామని ఆవిడ అన్నట్టు చూశారు. అక్షరం లేకుండా తలకట్టు ఎలా నిలబడుతుంది? గాలిలో టోపీలు వేలాడదీసి తరవాత కిందికి తలలు తేవడమా? కానీ రాత్రి భోజనం చేస్తూ పళ్ళెం అంచు మీద వేలితో ఏదో గీశారు. పొద్దున్న లేచేసరికి పెరటి గోడంతా సుద్దతో తలకట్లే.

గోడ పని మొదలైంది. డాక్టరమ్మ నిచ్చెన వద్దంది, కాబట్టి అటూ ఇటూ పట్టుకోవడానికి కర్రలున్న బల్ల కట్టారు. మాస్టారు తల బాగా పైకెత్తి, కన్ను మొత్తం పై అంచు మీద పెట్టి, ముందు తలకట్లే వేసుకుంటూ పోయారు. వర్ణమాల ఆయనకు కంఠతా. ఆ కంఠతా పట్టడమే ఇన్నాళ్ళూ ఆయన్ని ముంచింది, ఇప్పుడు అదే నడిపించింది. ఎక్కడ టోపీ పెట్టాలో, ఎక్కడ వదిలి దాటాలో అన్నీ ముందే తెలియాలి. కింద నిలబడి భార్య పిలుస్తూనే ఉంది. ఖకు లేదు, ముందుకు నడవండి. గకు ఉంది. జకు లేదు. ఝకు ఉంది, మరవకండి.

సాయంత్రం బడి వదిలాక పిల్లలు బిలబిలా వచ్చి చూస్తే, కొత్త గోడ పొడుగునా ఒక్క అక్షరమైనా లేదు. వరసగా టిక్కు మార్కులే ఉన్నాయి. ఈ గోడ ఏమీ రాయకుండానే నూటికి నూరు తెచ్చుకుందని పిల్లలంతా ఈర్ష్య పడ్డారు. కటింగ్ షాపు ఆయన కూడా కత్తెర పక్కన పెట్టి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, బావా, ఇప్పుడు జుట్టు ముందు, తల వెనకా అన్నమాట అన్నాడు. కానీ ఆ తరవాతి రోజుల్లో ఒక్కొక్క టోపీ కిందికి ఒక్కొక్క అక్షరం వచ్చి సరిగ్గా తల దూరుస్తుంటే, చూడటానికి రోజూ వచ్చింది ఆయనే. వెంట షాపులో క్రాపు సగం మిగిలిన వాళ్ళను కూడా తెచ్చాడు.

ఆఖరి అక్షరం దగ్గర మాస్టారు ఆగారు. తల తిప్పి, పక్కకు వంచి, పైకెత్తి, గోడ మొత్తం ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశారు. పిదప దిగి, భార్య చేతికి కుంచె ఇచ్చి నడిచి రమ్మన్నారు. ఆవిడ గోడ పొడుగునా నడిచి వచ్చి, ఎక్కడా ఎక్కాల్సిన పని లేదండీ అంది.

మాస్టారు కుంచె తీసుకుని కింది మూలన తన గుర్తు గీశారు. తరవాత కుంచె ఆవిడ చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని, పక్కనే ఇంకోటి గీయించారు. ఇప్పటికీ ఆ గోడ మూలన రెండు తలకట్లుంటాయి, పక్కపక్కన. ఏది ఎవరిదో చెప్పమంటే ఆ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. ఆయన వాలును ఆవిడ అంతగా పట్టేసింది.

క్లినిక్‌కి వేళ తప్పకుండా వెళ్ళడం ఇప్పుడు మాస్టారి పని. ఆవిడ కాదు, ఆయనే తొందరపెడతారు. కటింగ్ షాపు ఆయన్నీ, ఆయన కుర్చీలో దొరికిన వాళ్ళనీ కూడా వెంటేసుకుపోతారు. రానన్నవాడికి పూర్తి గుండు చేయించి, ఆ గుండు మీద తలకట్టు గీస్తానని బెదిరిస్తారని చెప్పుకుంటారు. బెదిరించారో లేదో గానీ, జనం వెళ్తున్నారు.

ఒకసారి వెళ్ళినప్పుడు మాస్టారు సంచిలో రేకు బిళ్ళలు పట్టుకెళ్ళారు. ఒక్కొక్క బిళ్ళ మీద ఒక్కొక్క అక్షరం, పెద్దవీ చిన్నవీ, చీమ తలకాయంతవీ. పైన చిన్న కొక్కెం. అమ్మాయికి ఇచ్చి, చెక్క మీద ప్రతిసారీ వరస మార్చి తగిలించమన్నారు. ఈ పలకను నేను కూడా కంఠతా పట్టలేను, నా జన్మలో ఇంతకంటే గొప్ప బోర్డు రాయలేదు అన్నారు.

అమ్మాయి బిళ్ళలు కలిపి తగిలించింది. ఎడమకంటికి మూత పెట్టింది. మాస్టారు ఈసారి పై నుంచి, ఒక్కొక్కటీ నిదానంగా చదువుకుంటూ వచ్చారు. ఎక్కడా రాగం తీయలేదు. మూడో వరసలో ఒక బిళ్ళ దగ్గర ఆగారు. తల కాస్త ఎత్తి చూశారు, దించి చూశారు. తరవాత వీపు నిటారుగా పెట్టి, వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా, ఏదో బిరుదు అందుకుంటున్నట్టు చెప్పారు.

“ఇది నాకు కనపడటం లేదమ్మాయ్. రాసుకో.”